తోడికోడలు చెప్పిన చిగుళ్ళ మాట

మసోజి మాట్లాడటానికి లేచిందంటే లుజెవే మందిరంలో చంటిపిల్లల తల్లులు కూడా పిల్లల నోటికి రొమ్ము అందించి మరీ వినేవాళ్ళు. గురువారం గురువారం అక్కడ స్త్రీల సమాజం కూడుతుంది. పాటలయ్యాక ఎవరో ఒకరు లేచి ఒక చిన్న మాట చెప్పాలి. పెద్ద ప్రసంగం అక్కర్లేదు, అది ఆదివారం పాస్టరుగారి పని. పొలంలోనో, పొయ్యి దగ్గరో, నీళ్ళకు వెళ్ళే దారిలోనో కంటబడిన దాన్ని పట్టుకుని, అందులోంచి దేవుడు మనకేం చెబుతున్నాడో చెప్పాలి, అంతే.

ఆ పనిలో మసోజిని మించినవాళ్ళు లేరు. చేటలో మొక్కజొన్న చెరుగుతుంటే పొట్టు ఎగిరిపోయి గింజ మిగలడం చూసి శోధన గురించి చెప్పేది. అడుగంటిన కుండని చూసి కోపం గురించి చెప్పేది. ఎండాకాలం కొండల మీద గడ్డి తగలబెట్టాక ఆ మసిలోంచి పచ్చగా లేచే పోచల్ని చూసి పునరుత్థానం గురించి చెప్పింది ఒకసారి. ఆ మాట రుంఫి పట్నం దాకా పాకింది. చెప్పేదాన్ని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో వచనం తగిలించి, చివర గొంతు కాస్త తగ్గించి ముగించేది. చావు ఇళ్ళకు ఆమెనే పిలిచేవాళ్ళు. కొత్తగా పెళ్ళయిన పిల్లలకు బుద్ధులు చెప్పడానికీ ఆమెనే.

ఆ మాట తప్ప మసోజికి ఇంకేముంది? మొగుడు యోనా ఊపిరితిత్తుల జబ్బుతో చిన్న వయసులోనే పోయాడు. ఇద్దరాడపిల్లలు, ఇద్దరినీ సరస్సు ఒడ్డు ఊళ్ళకు ఇచ్చింది. చదువు ఆరో క్లాసుతో ఆగింది. అత్తవారి వాకిట్లో ఒక గడ్డి కప్పు ఇల్లు, కొండ కింద కాస్త మొక్కజొన్న, ఒక చెక్క వేరుసెనగ, చూపు మందగించిన అత్తగారు. మందిరంలో లేచి నిలబడ్డ ఆ కాసేపు మాత్రం ఆమె ఎవరికీ తీసిపోయేది కాదు.

అలాంటి రోజుల్లో మరిది విక్లిఫ్ జాంబియా నుంచి తిరిగొచ్చాడు. కిట్వే గనుల్లో పని పోయిందట. వెంట పెళ్ళాం లుసుంగు, రెండు మూటలు, ఒక కుట్టు మిషను. వాళ్ళ కూతురు తవోంగా అక్కడే జ్వరంతో పోయింది, అక్కడే పాతిపెట్టి వచ్చారు. మసోజి తోడికోడల్ని కౌగిలించుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. వాకిట్లో ఎదురిల్లు ఊడ్చి అలికి ఇచ్చింది, మొదటివారమంతా తన పొయ్యి మీదే వాళ్ళకూ మొక్కజొన్న పిండి తిప్పి సిమా వండి, చిక్కుడాకు కూరతో పెట్టింది. లుసుంగుకి పల్లె పని అంతగా చేతకాదు. ఆమె తిప్పిన సిమా ఎప్పుడూ ఉండలు కట్టేది. మసోజి నవ్వుతూ తెడ్డు చేతిలోంచి తీసుకుని తనే తిప్పేది. ఆ రోజుల్లో ఆమెకి తోడికోడలంటే ముద్దే.

చలికాలం వచ్చింది. న్యికా కొండల మీంచి సన్నటి తుంపర దిగి రోజుల తరబడి పోకుండా పట్టుకుంది. ఒక గురువారం సమాజం పెద్ద న్యాచవులా, ఈ కొత్తమ్మాయి గొంతు కూడా విందాం అంది. లుసుంగు చాలాసేపు లేవలేదు. లేచాక కూడా తల దించుకునే మాట్లాడింది.

చలిలో ఒకే దుప్పటి కింద ముగ్గురు పడుకుంటే మధ్యలో ఉన్నవాళ్ళకి వెచ్చగా ఉంటుంది, అంచున ఉన్నవాళ్ళకి వణుకు పుడుతుంది, మధ్యలో ఉన్నవాళ్ళకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు అంది. తన చిన్నప్పుడు అమ్మ రోజుకొకరిని మధ్యలో పడుకోబెట్టేదట. నిన్న మధ్యలో పడుకున్నది ఇవాళ అంచుకు వెళ్ళాలి. దేవుడి ఇంట్లో కూడా అలాగే ఉంటుందేమో, ఇవాళ నాకు వెచ్చగా ఉందంటే రేపు అంచుకి జరగమని అడుగుతాడేమో. అంతే, కూచుంది.

మందిరంలో ఎవరో ముక్కు చీదారు. న్యాచవులా కళ్ళు తుడుచుకుంది.

మసోజి కూడా తల ఊపింది. ఊపుతూనే లెక్క కట్టింది: వచనం లేదు, భాగాలు లేవు, ముగింపు లేదు. ఇదేం మాట? కానీ ఆ వారమంతా బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకుంటుంటే ఆమె చెవిన పడుతూనే ఉంది. "ఏమ్మా, ఇవాళ అంచున ఎవరు?" "మా ఆయన ఎప్పుడూ మధ్యలోనే, సంఘ పెద్దలకి చెప్పాలి." నవ్వులు. తను ఇన్నేళ్ళు చెప్పిన మాటల్లో ఒక్కటైనా బోరింగు దాకా నడిచివచ్చిందా? మసోజి బిందె నిండకముందే నెత్తికెత్తుకుని వచ్చేసింది.

అక్కణ్ణించి మొదలైంది. లోపల ఏదో పురుగు దొలిచినట్టుండేది. పొద్దున్నే లుసుంగు పొయ్యి పొగ తన పొగకంటే ముందు లేస్తే ఓర్చుకోలేకపోయేది. దారిన పోయేవాళ్ళు వాకిట్లోకి వచ్చి ముందు ఎవరి గడప వైపు తిరుగుతారో చూసేది. ఒక రోజు గద్ద వచ్చి లుసుంగు కోడిపిల్లని తన్నుకుపోయింది. "అయ్యో పాపం" అని పైకి అంది గానీ ఆ పూట అన్నం రుచిగా తిన్నది. తిన్నాక భయమేసింది. ప్రార్థన చేసుకుంది. ప్రార్థన మధ్యలో కూడా, లుసుంగు ఇంత చక్కగా ప్రార్థన చేస్తుందా అని ఆలోచన వచ్చింది.

కోతలయ్యాక ఊళ్ళో ఒక ముసలాయన పోయాడు. ఆ ఇంటివాళ్ళు వాకిట్లోకి వచ్చి మసోజికి దణ్ణం పెట్టి, లుసుంగు గుమ్మం ముందు చాప మీద కూచున్నారు. మాట చెప్పడానికి లుసుంగు కావాలట. మసోజి లోపలికి వెళ్ళి పొయ్యిలో లేని నిప్పుని ఊదుతూ కూచుంది.

ఎండలు ముదిరాయి. వానలకు ముందు చర్చి మిషను మైదానంలో స్త్రీల మహాసభ జరుగుతుంది, చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి, ఒక్కో సంఘం నుంచి ఒకరు పొద్దుటి మాట చెబుతారు. ఇన్నేళ్ళూ లుజెవే తరఫున మసోజే చెప్పింది. ఆ ఏడాది న్యాచవులా, "ఈసారి లుసుంగు చెబుతుంది. నువ్వు దానికి కాస్త దారి చూపించు న్యాహరావా" అంది, పుట్టింటి పేరు పెట్టి మర్యాదగానే. దారి చూపించాలట. మసోజి సరేనంది. ఇంకేమంటుంది?

లుసుంగు ఆ సాయంత్రమే వచ్చింది, చేతిలో ఇన్ని వేయించిన వేరుసెనగలతో. పక్కన కూచుని, "అక్కా, నాకు భయంగా ఉంది. ఒకటి అనుకున్నాను. బాగాలేకపోతే మొహం మీదే చెప్పు" అంది.

అనుకున్నది ఇది. తవోంగాని పాతిపెట్టి బస్సెక్కిన రోజు ఆమె కిటికీలోంచి చూస్తూ కూచుంది. నేల ఎండి బీటలిచ్చి ఉంది. వాన పడి నెలలైంది, ఆకాశంలో మబ్బు ముక్క లేదు. అయినా అడివిలో ముయోంబో చెట్లన్నీ ఎర్రెర్రగా చిగురు వేసి ఉన్నాయి, నిప్పంటుకున్నట్టు. ఎవరు చెప్పారు వీటికి వాన వస్తుందని? ఒక్క చుక్క తాగకుండానే ఎలా తెగించాయి? తను మాత్రం ఒళ్ళో పిల్ల లేని చేతులు పెట్టుకుని, ఇంక తన జన్మలో ఏమీ చిగురించదని కూచుంది. దారి పొడుగునా ఆ చెట్లు కనిపిస్తూనే ఉన్నాయట. సరిహద్దు దాటేసరికి, దేవుడు నాకు వాన చూపించలేదు గానీ చెట్లని చూపించాడు అనుకుందట.

మసోజి ఒలుస్తున్న వేరుసెనగ చేతిలోనే ఉండిపోయింది. ఆ చెట్ల కిందే పుట్టి, ఆ చెట్ల కింద కట్టెలేరుకుని బతికింది తను. ఏటా చూసింది. ఎప్పుడూ ఆ మాట రాలేదు. ఇది ఎక్కణ్ణించో వచ్చి, బస్సు కిటికీలోంచి చూసి పట్టుకుపోయింది.

"బాగుందా అక్కా?"

"పర్వాలేదు" అంది మసోజి. "ఇంకా పండాలి."

మహాసభకు ముందు ఆదివారం, వాగు అవతల కలువే ప్రార్థన మందిరం వాళ్ళు మసోజిని పిలిచారు. అక్కడికి లుజెవే నుంచి ఎవరూ వెళ్ళరు. దారంతా చెట్లు ఎర్రగా ఉన్నాయి. మాట చెప్పడానికి లేచినప్పుడు ఆమె మనసులో అనుకున్నది ఉప్పు గురించి. నోట్లోంచి వచ్చింది చిగుళ్ళ గురించి. వానకు ముందే చిగురించే చెట్టు, చూడనిదాన్ని నమ్మడం, అబ్రాహాము, మూడు భాగాలు, మూడు వచనాలు. బస్సు లేదు. పిల్ల లేదు. చివర గొంతు తగ్గించింది. కలువే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి పాటెత్తుకున్నారు, వెళ్ళేటప్పుడు బుట్టెడు చిలగడదుంపలు ఇచ్చారు. తిరిగొచ్చే దారిలో ఆమెకి నెత్తి మీద బుట్ట బరువే తెలియలేదు. ఇప్పుడు లుసుంగు చెప్పినా రెండోదే అవుతుంది అనుకుంది.

మహాసభలో లుసుంగు మాట వేరే. పిల్ల పేరు చెప్పింది. మట్టి కప్పేటప్పుడు చప్పుడు ఎలా ఉందో చెప్పింది. అంతమంది ఆడవాళ్ళు గడ్డి పందిళ్ళ కింద కూచుని, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళూ, పిల్లలు పుట్టనివాళ్ళూ, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. మసోజి తెల్ల తలగుడ్డ సర్దుకుంటూ నేల చూసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కలువే ఆడవాళ్ళు గుంపుగా చేరారు. ఇది మన మసోజి మాట కదా, మొన్ననే కదా విన్నాం. పెద్ద తోడికోడలి నోట్లో ముద్ద లాక్కుని, దానికి చచ్చిపోయిన పిల్లని కూడా అంటించి చెప్పింది, ఎంత గుండె. ఆ మాట పళ్ళేలు కడిగేలోపు మైదానమంతా తిరిగింది. ఒకావిడ మసోజి దగ్గరికే వచ్చి నిజమేనా అని అడిగింది. మసోజి నిజమనీ అనలేదు, కాదనీ అనలేదు. "పోనీలెండి, చిన్నది" అంది. ఆ రెండు ముక్కలూ అవునన్నదానికంటే గట్టిగా పనిచేశాయి.

తొలి వానలు పడ్డాక సమాజం కమిటీ లుసుంగుని పిలిచి అడిగింది. మసోజి కూడా బల్ల మీద ఓ పక్కన కూచుని ఉంది. లుసుంగు ఆమె వైపు చూసింది. తర్వాత న్యాచవులా వైపు తిరిగి, "అక్క నాకంటే ముందు చెప్పిందన్నది నిజమేనటగా. నేను తర్వాత చెప్పాను. ఇంతకంటే నేనేమీ మాట్లాడను" అంది. కొన్నాళ్ళు మాట చెప్పవద్దని తీర్మానించారు. ఆమె తలాడించి, ఒంటికి చుట్టుకున్న చితెంజె గుడ్డ భుజం మీదికి లాక్కుని, వానలో తడుస్తూ ఇంటికి పోయింది.

మసోజి చోటు మసోజికి వచ్చింది. వానాకాలమంతా గురువారాలు ఆమెవే. కలుపు తీతల రోజులు, గాదెలు అడుగంటి ఇంటింటా ఒక పూటే పొయ్యి వెలిగే రోజులు. ఆకలి గురించి చెప్పింది, ఎడారిలో దేవుడు కురిపించిన మన్నా గురించి చెప్పింది, అందరూ బాగుందన్నారు. లుసుంగు వెనక వరసలో తలుపు పక్కన కూచుని వినేది. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. దాంతో మసోజికి కొత్త మంట మొదలైంది. మాటలో తనని మించింది సరే, ఇప్పుడు ఓర్పులో కూడా మించుతోందా? నింద మోస్తూ నోరు విప్పకపోవడం ఎవరి లక్షణం? యేసుప్రభువుది. అంటే తను ఎవరి పక్షాన ఉన్నట్టు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా తోడికోడలి మీద ఇంకా ఒళ్ళు మండేది. నోరు తెరిచి ఒక్కసారి తిట్టొచ్చుగా, వాకిట్లో జుట్టు పట్టుకోవచ్చుగా. అలా చేస్తే ఇద్దరూ సమానమైపోయేవాళ్ళు.

వానలు వెనకపట్టాక వేరుసెనగ పీకారు. అత్తగారూ మసోజీ వాకిట్లో కూచుని మొక్కల నుంచి కాయలు దూస్తున్నారు. ముసలామె కళ్ళతో చూడకుండా వేళ్ళతోనే దూస్తుంది, పుల్ల మిగలదు. దూస్తూ దూస్తూ, మామూలు సంగతి చెప్పినట్టే అంది.

"ఆ చెట్ల మాట చిన్నది నాకు చెప్పింది. వచ్చిన రోజునే. నా మంచం పట్టె మీద కూచుని."

మసోజి దూస్తున్న మొక్క కింద పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను." ఇంకో మొక్క అందుకుంది. "నేను చెబితే నీ పరువు పోతుంది. నువ్వు చెప్పినా పోతుంది. కానీ రెండూ ఒకటి కాదు. చూసుకో."

మసోజి పశ్చాత్తాపపడి వెళ్ళిందని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆమె రెండు మూడు రోజులు తిండి సరిగ్గా తినకుండా ఆలోచించింది. భయం ఉంది, సిగ్గు ఉంది, దేవుడూ ఉన్నాడు. వాటన్నిటి కింద మళ్ళీ ఆ పురుగే ఉంది. లుసుంగు దగ్గర ఉన్న ఆ గొప్ప మౌనం, దాన్ని కూడా ఆమె దగ్గర ఉండనివ్వకూడదు. నేను చెప్పేస్తే ఆమె మోయడానికి ఏమీ మిగలదు. అలా అనుకున్నాకే కాళ్ళు మందిరం వైపు నడిచాయి.

గురువారం లేచి నిలబడి, భాగాలూ వచనాలూ లేకుండా చెప్పింది. చిగుళ్ళ మాట లుసుంగుది. నన్ను నమ్మి ముందుగా చెప్పింది. నేను కలువేలో నాదిగా చెప్పాను. తర్వాత దాన్ని దొంగ అంటుంటే విని ఊరుకున్నాను. నాకు దాన్ని చూస్తే కడుపుమంట.

ఎవరూ ఏడవలేదు. ఎవరూ దేవునికి స్తోత్రం అనలేదు. ఒకావిడ దగ్గింది. న్యాచవులా పాట పుస్తకం తిరగేసి తిరగేసి, చివరికి ఏదో పాట ఎత్తుకుంది, శ్రుతి కలవలేదు.

ఇంటికి పోయే దారిలో లుసుంగు మసోజిని పట్టుకుంది. అంతకాలంలో మసోజి ఆమె గొంతు అలా వినలేదు.

"ఎందుకు చెప్పావు?"

"నీ పేరు నిలబెడదామని..."

"నా పేరు నేనడిగానా? నీ కోసం ఊరుకున్నాననుకున్నావా అక్కా? నువ్వెవరివని నీ కోసం ఊరుకుంటాను? ఆ రోజు నోరు తెరిస్తే, నా పిల్ల మాట నాదో నీదో అని కమిటీలో తేల్చేవాళ్ళు. నా పిల్లని బల్ల మీద పెట్టి తూచేవాళ్ళు. అందుకని నోరు మూసుకున్నాను. జనం మర్చిపోయారు. ఇవాళ మళ్ళీ తవ్వి బయట పడేశావు. నన్నడిగావా?"

మసోజికి అప్పుడు అర్థమైంది. ఇంతకాలం దేన్ని చూసి రగిలిపోయిందో, ఆ ఓర్పు, ఆ పెద్ద మనసు, అసలు అక్కడ లేనే లేదు. అక్కడ ఉన్నది బిడ్డని కప్పుకుని కూచున్న ఒక తల్లి. తను పొరుగింట్లో కూచుని, లేని నిధిని ఊహించుకుని, దాన్ని ఎత్తుకురావడానికి గోడకి కన్నం వేసింది. ఎర్రమట్టి దారిలో నిలబడి, "నాకు తెలియలేదు" అంది. ఆ పురుగు చేరాక ఆమె తోడికోడలితో పలికిన మొదటి మంచి మాట అదే కావచ్చు. లుసుంగు ఆగకుండా వెళ్ళిపోయింది.

సంఘ పెద్దలు మసోజిని మొక్కజొన్న గాదెల్లోకి చేరేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం తీసుకోకుండా దూరం పెట్టారు. మాట చెప్పడం ఇంకా చాలాకాలం లేదు. లుసుంగు ఆ చలికాలమంతా ఆమెతో మాట్లాడలేదు, పొయ్యిలోకి నిప్పు కావాలంటే విక్లిఫ్ చేత అడిగించేది. తర్వాత ఒక రోజు అత్తగారు జారిపడితే ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చింది. ముసలామె మంచానికి అంటుకుపోయింది. ఎత్తాలి, దించాలి, కడగాలి. ఒకరు నీళ్ళు పోస్తే ఒకరు తుడవాలి. ఆ పనిలో మాటలు వాటంతటవే వచ్చాయి, ముందు నీళ్ళు వేడిగా ఉన్నాయా అని, తర్వాత మిగతావి.

అత్తగారు పోయి ఇప్పుడు చాలా ఏళ్ళయింది. మసోజికి వెంట్రుకలు నెరిశాయి. లుజెవేలో లుసుంగు మాటే మాట. మసోజిని కూడా అడుగుతారు అప్పుడప్పుడు, చెబుతుంది, చిన్నగా చెబుతుంది. చావు ఇళ్ళవాళ్ళు మాత్రం లుసుంగు గుమ్మానికే వస్తారు. మసోజి గుమ్మానికి వచ్చేవాళ్ళు వేరే. తోటిదాన్ని చూసి లోపల మండేవాళ్ళు, అది ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు, నీళ్ళకనో ఉప్పుకనో వంక పెట్టుకుని వస్తారు. ఇంకెవరి దగ్గరికి పోతారు? ఊళ్ళో ఆ జబ్బు ఉందని నలుగురిలో ఒప్పుకున్న మనిషి ఆమె ఒక్కతే.

నిన్నగాక మొన్న గానబృందంలో పాడే వెజి అనే పిల్ల వచ్చింది. తన బదులు వేరే అమ్మాయిని ముందు నిలబెట్టారట. ఆ అమ్మాయి గొంతు బొంగురుపోతే బాగుండని మొక్కుకుందట. చెప్పి ఏడ్చింది. మసోజి మొక్కజొన్నలో కలుపు తీస్తోంది, ఆపకుండానే విన్నది. పీకిన కలుపుని సాళ్ళ మధ్య పడేస్తే, రాత్రి వాన పడిందా, పొద్దుటికి మళ్ళీ వేరు దిగుతుంది. వేళ్ళ మట్టి దులిపి, ఎండ తగిలేలా తిరగేసి పడెయ్యాలి. ఆ పిల్లకి కూడా ఒక సాలు చూపించింది. ఇద్దరూ కాసేపు తీశారు.

"ఇది ఎప్పటికి పోతుందమ్మా?" అంది వెజి.

"కలుపా?"

"కాదు. నాది."

"నాకింకా పోలేదు" అంది మసోజి. "పైరుకి రెండుసార్లు తీస్తాం కదా. దీనికి రోజూ తియ్యాలి. తీస్తున్నంతకాలం పైరు బతుకుతుందని మాత్రం నమ్ముతాను. దేవుడు పొలాన్ని చూసి అసహ్యించుకుని పోడు, అది నాకు తెలుసు. ఇంతకాలం నా పొలం చూశాడు కదా."

వెజి వెళ్ళిపోయాక చేతులు కడుక్కుని, తెల్ల తలగుడ్డ కట్టుకుంది. ఆ రోజు గురువారం. తోడికోడళ్ళిద్దరూ కలిసే మందిరానికి నడిచారు. మాట లుసుంగుది. చీకటిపడేవేళ మేకలు వాటంతటవే ఇంటికి రావడం గురించి ఏదో చెప్పింది. ఆడవాళ్ళు నవ్వారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. మసోజి ఎదురుగా ముందు బల్ల మీద కూచుని, అరచేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని, చివరిదాకా విన్నది.

తిరిగొచ్చేటప్పుడు "బాగా చెప్పావు" అంది. నిజంగానే బాగుంది మరి. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం మాత్రం కొండల వైపు తిరిగి ఉంది.

"ఇటు చూసి చెప్పు అక్కా" అంది లుసుంగు.

"ఇవాళ్టికి ఇంతే వచ్చింది" అంది మసోజి.